వెనకమెట్ల పరుగు

ఆవిడకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది గానీ, ఆసుపత్రిలో ఆ పేరు పెట్టి పిలిస్తే ఆవిడే వెనక్కి తిరిగి చూడదు. అందరికీ ఆవిడ సూదక్క. సూది నొప్పి తెలియకుండా వేస్తుందని కొందరంటారు. మాట మాత్రం నొప్పి తెలిసేలాగే వేస్తుందని మిగతావాళ్ళంటారు. రెండూ నిజమే. కొత్తగా చేరిన డాక్టరు ఎవరైనా మెడలో స్టెతస్కోపు వేలాడేసుకుని గాల్లో తేలుతూ వస్తుంటే, "బాబూ, కాస్త నేలమీద నడవండి, అందరం అక్కడే ఉన్నాం" అనేది. ఆ డాక్టరు మళ్ళీ ఆ వార్డులో గొంతు పెంచితే ఒట్టు.

సూదక్క మొగుడు ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేస్తాడు. నోట్లో నాలుక లేని మనిషి. ఆ లోటు తెలియకుండా ఇద్దరి మాటలూ సూదక్కే మాట్లాడేది. కింది వాటాలో వీళ్ళు, పై వాటాలో మరిది కాపురం, మధ్యలో గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని అత్తగారు. మరిదికి పిల్లను చూసింది సూదక్కే. చూడటమేమిటి, తన వార్డులోంచే ఎత్తుకొచ్చింది. కొత్త నర్సుల్లో ఒకమ్మాయి, గట్టిగా గాలొస్తే ఎగిరిపోయేంత సన్నగా ఉండేది. కానీ ఎంత ముసలి చేతిలో నరం ఎక్కడ దాక్కున్నా మొదటి పోటుకే పట్టేసేది. సూదక్క ఒకరోజు డ్యూటీ దిగాక ఆ పిల్లను క్యాంటీన్‌కు తీసుకెళ్ళి, టీ ఇప్పించి, "మా మరిది కరెంటాఫీసులో పని చేస్తాడు. తాగడు, తిడితే ఎదురు చెప్పడు. చేసుకుంటావా?" అని అడిగేసింది. ఆ పిల్ల టీ పూర్తిగా తాగి, గ్లాసు కింద పెట్టి, సరేనంది.

అలా వచ్చింది చిన్నది. కాపురానికొచ్చిన కొన్నాళ్ళకే చలిగాలి తగిలి పిల్లికూతలా ఊపిరి తీస్తుంటే సూదక్క పరుగున మేడెక్కింది.

"ఉబ్బసం ఉందని ముందే చెప్పొద్దుటే?"

"మీరు అడగలేదు కదక్కా. ఎదురు చెప్పడు, చేసుకుంటావా అనే అడిగారు. ఎదురు చెప్పకుండా చేసుకున్నా."

తోడికోడళ్ళిద్దరూ ఇంట్లో పోట్లాడుకోని రోజు లేదు. పైన బట్టలు పిండిన నీళ్ళు కింద పడ్డాయని ఒకతె, కింద టీవీ మోత పైకి వినబడుతోందని ఇంకొకతె. వార్డులో అడుగు పెట్టారంటే మాత్రం ఒకరి చెయ్యి ఎక్కడికి పోతుందో ఇంకొకరికి చూడకుండానే తెలుసు. "ఇంట్లో ఇద్దరు నర్సులున్నారని పేరే గానీ, నా బీపీ చూసే దిక్కు లేదు. వీధి చివర మందుల షాపు వాడే నాకు దేవుడు" అని అత్తగారు వచ్చిన వాళ్ళందరికీ చెప్పుకునేది.

ఇక ఆ పరుగు సంగతి చెప్పాలి. ఆసుపత్రికి ముందువైపు వెడల్పాటి మెట్లు, ఒక లిఫ్టు. వెనకవైపు ఇరుకు మెట్లు, మాసిన దుప్పట్లు, చెత్త డబ్బాలు దిగే దారి. మూడు అంతస్తుల్లో మూడు వార్డులు, కింది వార్డు, మధ్య వార్డు, పై వార్డు. మూడింటికీ చాలినంతమంది నర్సులు ఏనాడూ లేరు. ఉన్నట్టు కాగితాల మీద మాత్రం ఉంటారు. కాగితానికేం, అది సెలవు పెట్టదు, జ్వరం తెచ్చుకోదు. పైనుంచి అధికారి తనిఖీకి వస్తున్నాడంటే చాలు, సూపరింటెండెంటుకు తల ప్రాణం తోకకు వచ్చేది. ఖాళీలు కంటబడితే ఇన్నాళ్ళూ ఎందుకు దాచావని అడుగుతారు కదా.

సూదక్క వయసులో ఉన్నప్పుడు, అప్పటి సూపరింటెండెంటు చెమటలు కక్కుతుంటే చూసి, "మీరు ఆయన్ని వరండాలో కాసేపు మాటల్లో పెట్టండి సార్, మిగతాది నాకొదిలెయ్యండి" అంది. అధికారి కింది వార్డు చూసి బయటికొచ్చాడు. వరండా గోడకు ఆసుపత్రి ఎవరు కట్టించారో, ఎవరు తెరిచారో చెక్కిన రాయి ఒకటుంది. సూపరింటెండెంటు ఆ రాయి ముందు ఆయన్ని నిలబెట్టి చరిత్ర మొదలుపెట్టాడు. ఈలోపు కింది వార్డు నర్సులంతా చెప్పులు చేత పట్టుకుని వెనకమెట్ల మీదుగా మధ్య వార్డులోకి. అక్కడ చూపు అయ్యాక మళ్ళీ ఏదో కబురు, మళ్ళీ వెనకమెట్లు, పై వార్డు. అధికారి మూడు వార్డులూ నిండుగా చూసి, కడుపు నిండినట్టు నవ్వుకుంటూ కారెక్కాడు. "మన సూదక్క ఉండగా మనకు భయమేమిటి!" అని సూపరింటెండెంటు అందరి ముందూ అన్నాడు. ఆ ఒక్క మాటకు సూదక్క పొంగిపోయింది. ఇంటికెళ్ళి మొగుడికి చెప్పింది, అత్తగారికి చెప్పింది, పక్కింటావిడ వచ్చి కూర్చుంటే ఆవిడకూ చెప్పింది.

అప్పట్నుంచీ అదొక ఆనవాయితీ అయిపోయింది. సూపరింటెండెంట్లు మారారు, రాయి ముందు ఉపన్యాసం మారలేదు. కొత్తగా వచ్చిన నర్సుకు బీపీ చూడటం, సెలైన్ ఎక్కించడం నేర్పినట్టే సూదక్క ఈ పరుగూ నేర్పేది. "కిందున్నప్పుడు కళ్ళజోడు పెట్టుకో, పైన తీసెయ్. భయపడకు. నర్సు మొహం చూసే అధికారి ఇంకా పుట్టలేదు" అనేది. అదైతే అక్షరాలా నిజం. ఆ మహానుభావులు గోడలకు రంగు చూస్తారు, మరుగుదొడ్డి తలుపుకు గొళ్ళెం చూస్తారు, కిటికీ అద్దంలో తమ జుట్టు చూసుకుంటారు. మనిషిని మాత్రం చూడరు. నర్సులు అటు పోయిన కాసేపూ వార్డు ఖాళీగా ఉండేది కదా అంటారా? ప్రతి మంచం పక్కనా రోగి తాలూకు అమ్మో అల్లుడో కూర్చుని ఉండేవాళ్ళు. ఏదైనా అయితే కేకేసేవాళ్ళు. అలా గడిచిపోయింది.

తర్వాత ఆ జబ్బు వచ్చింది. లోకమంతా తలుపులేసుకుంది. ఆసుపత్రికి ఆ వీలు లేదు. మంచాల మధ్య మంచాలు దూర్చారు, వరండాలో వేశారు, ఎక్స్‌రే గది ముందు వేశారు. ఆక్సిజన్ గొట్టాలు లాగారు. అన్నీ చేశారు గానీ, మంచం పక్కన నిలబడే మనిషి సంగతి ఒక్కరికీ తట్టలేదు. మంచమే లేచి మందు వేస్తుందనుకున్నారో ఏమో! ఉన్న నర్సుల్లో కొందరు జబ్బుపడ్డారు, కొందరు చంటిపిల్లల తల్లులు దండం పెట్టి మానేశారు. మిగిలినవాళ్ళు ఒక డ్యూటీలోంచి ఇంకో డ్యూటీలోకి జారిపోయేవాళ్ళు. తర్వాతి డ్యూటీ నర్సు, అంటే రిలీవరు, వచ్చి మంచం మంచం తిరిగి "తీసుకున్నా" అనేదాకా వార్డు వదలకూడదని నర్సులకు కట్టుబాటు. రిలీవర్ని వేయకపోతే ఎవరూ కదలరని ఆఫీసు వాళ్ళు ఇట్టే కనిపెట్టేశారు. ఆ తెలివి మందులు తెప్పించడంలో చూపించి ఉంటే ఎంతమంది బతికేవాళ్ళో.

ఒంటినిండా కప్పే ఆ తెల్ల సూటు ఒకసారి తొడిగితే డ్యూటీ దిగేదాకా మంచినీళ్ళు లేవు, మరుగుదొడ్డి లేదు. లోపల చెమట కాళ్ళదాకా కారుతుండేది. గేటు మీద మాత్రం పెద్ద బ్యానరు కట్టారు, మీరే మా దేవుళ్ళు అని. సాయంత్రాలు జనం మేడలెక్కి చప్పట్లు కొట్టారు. పక్కింటావిడ కూడా కొట్టింది. ఆ మర్నాడు సూదక్క డ్యూటీ నుంచి వస్తుంటే అవే చేతులతో కిటికీ మూసుకుంది.

"దేవుళ్ళంటే వాళ్ళకు సుఖం" అంది సూదక్క చిన్నదానితో. "దేవుడికి ఆకలెయ్యదు, నడుం నొప్పెట్టదు, సెలవడగడు. మనుషులంటే ఇంకో మనిషిని తోడు పంపించాలి కదా. అందుకే దేవుళ్ళన్నారు."

"పోనీలే అక్కా, గయ్యాళి అనేవాళ్ళు ఇన్నాళ్ళూ. ఇప్పుడు దేవత అయ్యావు" అంది చిన్నది, మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటూ.

ఆ ఆగడమే సూదక్కకు నచ్చలేదు. సూటులో చిన్నదానికి గాలి ఆడటంలేదు. మంచానికీ మంచానికీ మధ్య గోడ పట్టుకుని నిలబడుతోంది. ఈ జబ్బు అంటుకుంటే ఆ ఊపిరితిత్తులు తట్టుకోవని నర్సుకు ఒకరు చెప్పాలా? ఎలాగైనా దాన్ని ఆ వార్డులోంచి బయటపడేయాలని సూదక్క పట్టుబట్టింది. సూపరింటెండెంటు దగ్గరికి పోయింది.

ఆయన గదికి ఒక అద్దం తలుపు, దాని ముందు ఇంకో అద్దం తలుపు. రోగి మొహం చూసి ఎన్నాళ్ళయిందో ఆయనకే గుర్తులేదు. రోజూ టీవీ వాళ్ళతో ఫోన్లో మాత్రం "మేము ముందు వరసలో నిలబడి పోరాడుతున్నాం" అని చెప్పేవాడు, కుర్చీలో వెనక్కి వాలి.

"సార్, మా చిన్నదానికి ఉబ్బసం. ఆ సూటులో చచ్చిపోయేలా ఉంది. మందుల స్టోర్లో వెయ్యండి" అంది సూదక్క.

"నీ తోడికోడలని సిఫార్సా అమ్మా?"

"నా తోడికోడలు కాబట్టే ఇన్నాళ్ళు నోరు మూసుకున్నా. ఇంకొకరయితే మొదటి రోజే వచ్చి అడిగేదాన్ని."

"ఆమె చోట్లో ఎవర్ని వెయ్యమంటావు? నన్ను వేసుకుంటావా?"

మిమ్మల్ని వేసుకుని ఏం చేసుకోను అనేది నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. "పైవాళ్ళని మనుషుల్ని అడగండి సార్."

"అడిగేలోపే తనిఖీకి వస్తున్నారు" అని ఆయన గొంతు తగ్గించాడు. "ఈ గండం గట్టెక్కించు. అయిపోయిన మర్నాడే మీ చిన్నదాన్ని స్టోర్లో వేస్తా. నా మాట నమ్ము."

"ఖాళీలు చూపించి మనుషుల్ని తెచ్చుకోవచ్చు కదా సార్, ఇంత తిప్పలెందుకు?"

"చూపిస్తే నా మెడకు చుట్టుకుంటుందమ్మా. అయినా సూదక్క ఉండగా మనకు భయమేమిటి?"

ఎన్నేళ్ళు గడిచినా ఆ మాట పని చేసింది. చేయకూడదు గానీ చేసింది. సూదక్క సరేనని బయటికొచ్చింది.

అంత సులువైన పరుగు ఎప్పుడూ లేదు. కళ్ళజోళ్ళు మార్చే పని లేదు, అందరూ తల నుంచి కాళ్ళదాకా ఒకే తెలుపు. నర్సులు చాలక చిన్నది కూడా పరుగెత్తాల్సి వచ్చింది. "ఎక్కగలవుటే?" అని అడిగింది సూదక్క. "ఎక్కకపోతే స్టోర్లోకి ఎలా పోతా?" అని నవ్వింది చిన్నది. అధికారి వార్డు గుమ్మంలోనే నిలబడి, "అంతా బాగుందా సిస్టర్?" అని అడిగాడు. "బాగుంది సార్" అంది సూదక్క. మధ్య వార్డులోనూ అదే ప్రశ్న. సూదక్క గొంతు కాస్త సన్నం చేసి అదే జవాబు చెప్పింది. పై వార్డులోనూ అడిగాడు, పైనా చెప్పింది. మూడుసార్లు అదే మనిషిని అడిగానని ఆయనకు అనుమానం కూడా రాలేదు. పక్కన చిన్నది మంచం కమ్మీ రెండు చేతులా పట్టుకుని నిలబడింది. దమ్ముకు దాని భుజాలు లేచి పడుతున్నాయి. "సిబ్బంది ఎంత ఉత్సాహంగా ఉన్నారో చూడండి!" అన్నాడు అధికారి. కళ్ళు నెత్తికెక్కితే దమ్ము కూడా ఉత్సాహంలాగే కనబడుతుంది కాబోలు.

సూదక్క, చిన్నది తిరిగి తమ మధ్య వార్డులోకి వచ్చేసరికి తలుపు పక్క మంచం మీది రోగి, బస్సు కండక్టరు ఒకాయన, ఆక్సిజన్ మాస్కు లాగేసుకుని ఉన్నాడు. ఆ జబ్బులో మనిషి తికమకపడి మాస్కు పీకేసుకోవడం మామూలే. అందుకే ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. బంధువుల్ని లోపలికి రానివ్వడం మానేసి నెలలయింది. కేకేయడానికి అమ్మ లేదు, అల్లుడు లేడు. పెదవులు నల్లబడ్డాయి. చెయ్యి మంచం మీంచి కిందికి వేలాడుతోంది. చిన్నది దమ్ముతోనే పరుగెత్తి మాస్కు పెట్టింది, గుండె మీద నొక్కింది, డాక్టర్ని పిలిపించింది. ఆ సాయంత్రానికి ఆయన పోయాడు. కారణం అన్న చోట జబ్బు పేరు రాశారు. మెట్ల పేరు ఎవరు రాస్తారు?

"ఎలాగూ నిలబడే మనిషి కాదులేవే. నిన్నటినుంచే బాగాలేదు" అంది సూదక్క. చిన్నది ఆ ఖాళీ మంచం దుప్పటి మార్చడంలో పడింది.

తర్వాత తనిఖీ ఫలితం దిగింది. మూడు వార్డుల్లోనూ సిబ్బంది పుష్కలంగా ఉన్నారట. పుష్కలంగా ఉన్న చోటినుంచి కొందరిని తీసి, ఆటస్థలంలో కొత్తగా పెట్టిన తాత్కాలిక ఆసుపత్రికి పంపమన్నారట. పంపేశారు. సూదక్క ఒంటికాలి మీద లేచి సూపరింటెండెంటు గదికి పోతే, ఆయన నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని ఉన్నాడు.

"నేనేం చెయ్యనమ్మా? ఉన్నవాళ్ళే పోతుంటే మీ చిన్నదాన్ని స్టోర్లో ఎలా కూర్చోబెట్టను? నువ్వే ఆలోచించు."

"మీరు మాటిచ్చారు సార్."

"పరిస్థితులు మారాయి కదా" అని ఆయన చేతులు దులిపేసుకున్నాడు. ఆ మధ్యన అవి కడుక్కోవడం కూడా బాగా అలవాటైంది లెండి.

వారం తిరక్కుండానే చిన్నది పడిపోయింది. జబ్బు అంటుకుంది. ఏ వార్డులోనూ మంచం లేదు. ఎదురు చూసి చూసి దొరికింది ఒక్కటే, మధ్య వార్డులో తలుపు పక్కది. మరిది గేటు దగ్గర బ్యానరు కింద నిలబడి ఏడ్చాడు. అత్తగారు ఫోన్ చేసింది. ఎప్పుడూ బీపీ గురించి సాధించే మనిషి ఆ రోజు ఆ ఊసే ఎత్తలేదు. "పెద్దదానా, దాన్ని నువ్వే తెచ్చావు ఈ ఇంటికి. నువ్వే తిరిగి తీసుకురా" అని మాత్రం అని పెట్టేసింది. సూదక్క మెట్ల మీద కూర్చుని, సూటులో కళ్ళు తుడుచుకునే వీలు లేక, అలాగే ఏడ్చింది.

చిన్నదాని ఊపిరి ఒక రోజు బాగుండేది, ఒక రోజు పడిపోయేది. జ్వరం మత్తులో ఉన్నట్టుండి మాస్కు పీకేసేది. "కండక్టరు గారి దగ్గరికి పోవాలి, వదలండి" అని లేవబోయేది. సూదక్క మళ్ళీ మాస్కు పెట్టి, పట్టీ బిగించి, పక్క మంచానికి పరుగెత్తి, మళ్ళీ వెనక్కి వచ్చేది. వార్డు మొత్తానికి ఆవిడొక్కతే. తోడు రావాల్సిన ఇంకొకతె ఆటస్థలం ఆసుపత్రిలో ఉంది.

సరిగ్గా అప్పుడే సూపరింటెండెంటు పిలిపించాడు. అదే అధికారి మళ్ళీ వస్తున్నాడట. ఈసారి ఫోటోలు తీసేవాళ్ళను వెంటబెట్టుకుని.

"మళ్ళీ మనం..." అని ఆయన పళ్ళికిలించాడు.

"సార్, మధ్య వార్డు వదిలితే మా చిన్నది మాస్కు తీసేస్తుంది. చూసే దిక్కు లేదు."

"కాసేపు చూడకపోతే ఎవరూ చచ్చిపోరమ్మా."

సూదక్క నోరు మూసుకుని వెనక్కి తిరిగింది. గుమాస్తాలు ఆశ్చర్యపోయారు. సూదక్క ఎదురు మాట చెప్పకుండా ఆ గదిలోంచి రావడం వాళ్ళు ఎన్నడూ చూడలేదు.

పరుగెత్తొద్దని నర్సులకు చెప్పొచ్చు. చెప్తే వింటారా? సగంమంది కాంట్రాక్టు పిల్లలు. సూపరింటెండెంటు కనుబొమ్మ ఎగరేస్తే రేపటినుంచి ఇంట్లో కూర్చోవాలి. వాళ్ళను ధైర్యంగా ఉండమనడం ఎంతసేపు? రేపు వాళ్ళ పొయ్యి వెలిగేదెలా? అందుకని సూదక్క ఎవరికీ చెప్పలేదు. తనిఖీ రోజున, అధికారి కారు గేటులోకి రాగానే, మందుల బీరువాకు వేసే ఇత్తడి తాళం తీసుకెళ్ళి కింది అంతస్తులో వెనకమెట్ల తలుపుకు వేసేసింది. తాళంచెవి సూటు లోపల, ఎవరి చెయ్యీ పోని చోట దాచుకుంది. ముందు మెట్లెక్కి పైకొచ్చి చిన్నదాని పక్కన నిలబడింది.

అధికారి కింది వార్డు చూశాడు. నిండుగా ఉంది. రాయి ముందు ఉపన్యాసం మొదలైంది. కింది వార్డు నర్సులు వెనకవైపు పరుగెత్తి తలుపు లాగారు. మళ్ళీ లాగారు. తాళం చూశారు. ఒకతె "ఇప్పుడెలాగే?" అని ఏడుపు మొహం పెట్టింది. వయసులో పెద్దామె ఆ తాళాన్ని గుర్తుపట్టింది. "తాళం వేసి ఉంటే మనమేం చేస్తాం? పదండి, సెలైన్లు అయిపోతున్నాయి" అని అందర్నీ వార్డులోకి తోలుకుపోయింది.

మధ్య వార్డు తలుపు తెరుచుకుంది. సూపరింటెండెంటు చూపు గోడలెంట పరుగెత్తింది. నర్సులేరీ? మంచాలున్నాయి, దగ్గులున్నాయి, ఆ మూల ఎవరో నీళ్ళడుగుతున్నారు. ఒకే ఒక్క తెల్ల సూటు తలుపు పక్క మంచం మీదికి వంగి, రోగి తలను ఒక చేత్తో ఎత్తి, ఇంకో చేత్తో మాస్కు అదిమి పట్టుకుని ఉంది. లేచి నిలబడలేదు.

"అంతా బాగుందా సిస్టర్?" అన్నాడు అధికారి, నోరు అలవాటుపడి.

"పోయినసారి మూడుసార్లు అడిగారు సార్, మూడుసార్లూ నేనే బాగుందన్నా" అంది సూదక్క తలెత్తకుండా. "కింద నేనే, ఇక్కడ నేనే, పైన నేనే. మీరు చూసింది ఒక వార్డు నర్సుల్నే. వెనకమెట్ల మీదుగా మీకన్నా ముందు వచ్చి నిలబడేవాళ్ళం. మీరు బాగా మెచ్చుకున్నారు. మెచ్చుకుని మాలో కొందర్ని పట్టుకుపోయారు. ఇదుగో, ఇది నా తోడికోడలు. అప్పుడు నా పక్కన దమ్ముతో నిలబడింది. ఉత్సాహంగా ఉందన్నారు కూడా. ఇప్పుడు చూడండి ఎంత ఉత్సాహంగా ఉందో."

"ఇక్కడి నర్సులంతా టీకి వెళ్ళారు సార్" అన్నాడు సూపరింటెండెంటు, నీళ్ళు నములుతూ.

"టీయా?" అంది కిటికీ పక్క మంచం మీది ముసలావిడ. "ఆ అమ్మాయి నిన్న వేసుకున్న సూటు ఇంకా విప్పలేదయ్యా. టీ ఎక్కడ పోస్తావు దానికి?"

ఫోటోలు తీసేవాళ్ళు ఫోటోలు తీశారు. అధికారి తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. పై వార్డు ఎలాగుందో చూడమని సూదక్క అంటుంటే, లిఫ్టు చెడిపోయిందని సూపరింటెండెంటు అంటున్నాడు. చూడకుండానే ఇద్దరూ దిగిపోయారు.

ఆ ఫోటోల పుణ్యమా అని కొత్త నర్సులొచ్చారు. రోగులమీద జాలి పుట్టి వచ్చారనుకునేరు, కాదు. పోయినసారి తాను రాసింది తప్పని ఎక్కడ బయటపడుతుందోనని, రద్దీ ఈమధ్యే పెరిగిందని రాసుకుని ఆ అధికారే హడావిడిగా పంపించాడు. కొత్తవాళ్ళను ఆహ్వానిస్తూ సూపరింటెండెంటు ఉపన్యసించాడు. వీళ్ళకోసం తాను పైవాళ్ళతో ఎంత కొట్లాడాడో చెప్పుకొచ్చాడు. అదే పూట సూదక్కకు మెమో ఇప్పించాడు, అనుమతి లేకుండా మెట్ల తలుపు మూసినందుకు. సూదక్క దాన్ని మడిచి, ఊగుతున్న సెలైన్ స్టాండు కాలికింద పెట్టింది. స్టాండు ఊగడం ఆగిపోయింది.

చిన్నది తేరుకుంది. ముందు మాస్కు మారింది, తర్వాత గొట్టం సన్నబడింది, ఒకరోజు దిండు ఆనించుకుని కూర్చుంది. సూదక్క ఆ రోజు ఎంత సంబరపడిందంటే, అత్తగారికి ఫోన్ చేసి, "వస్తుంది, నేనే తీసుకొస్తా. మీ బీపీ కూడా నేనే చూస్తా, ఆ షాపు వాణ్ణి మానెయ్యండి" అని అరిచింది. తర్వాత చిన్నదాని దగ్గర కూర్చుని, జరిగిందంతా పూస గుచ్చినట్టు చెప్పింది. తాళం వేయడం, సూపరింటెండెంటు నీళ్ళు నమలడం, అధికారి మొహం. ఒక్కొక్కరి గొంతూ అనుకరించి మరీ చెప్పింది. చుట్టుపక్కల మంచాలవాళ్ళు నవ్వారు. కొత్త నర్సులు నోళ్ళు తెరుచుకుని విన్నారు.

చిన్నది నవ్వలేదు. కాసేపు ఊపిరి కూడదీసుకుంది.

"అంత తేలికా అక్కా? ఒక్క తాళం వేస్తే సరిపోయేదా?"

"మరేమనుకున్నావే! సూదక్క తల్చుకుంటే..."

"మరి కండక్టరు గారున్నప్పుడు ఎందుకు వెయ్యలేదు?"

"ఆయన నాకేమవుతాడే?" అంది సూదక్క.

మాట నోరు దాటాక గానీ తానేమందో ఆవిడకు తెలియలేదు. చిన్నది ఆవిడ వంక ఒక్క క్షణం చూసి, దిండు సర్దుకుని, గోడవైపు తిరిగి పడుకుంది. ఆ మధ్యాహ్నమంతా సూదక్క ఆ మంచం పక్కనే కూర్చుని ఉంది, చిన్నది ఇటు తిరగలేదు.